క్రూయిజ్‌కు పోవాలనుకునే వరంగల్ వాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

హనుమకొండ నుంచి అడిగినా, మంచిర్యాల నుంచి అడిగినా క్రూయిజ్ గురించి అనుమానాలు దాదాపు అవే. అందుకే అన్నీ ఒక్కచోట రాసిపెట్టాం. సముద్రం మనకు ఒక రాత్రి రైలంత దూరం. మనవాళ్లకు దెబ్బ తగిలేది ఎక్కువగా ఓడ ఎక్కకముందే: పాస్‌పోర్టులో పేరు, వీసాలో ఎంట్రీలు, రైలు చేరే టైము. కాబట్టి ఓడ కదిలే గంట నుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ ప్లాన్ చేసుకోండి. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## పోదామా వద్దా అనుకునేటప్పుడు

పాపికొండల లాంచీ ఎక్కినం. క్రూయిజ్ కూడా అసొంటిదేనా?

కాదు. లాంచీ ఒక పూట ప్రయాణం. క్రూయిజ్ షిప్పు నీళ్లమీద నడిచే హోటలు. గది, మూడు పూటల తిండి, సాయంత్రం కార్యక్రమాలు అన్నీ టికెట్‌లోనే వస్తాయి. రాత్రి మీరు పడుకున్నప్పుడు ఓడ నడుస్తుంది, పొద్దున ఇంకో ఊళ్లో ఆగుతుంది. ఒక తేడా మాత్రం గుర్తుపెట్టుకోండి. గోదావరిలోనో, నాగార్జునసాగర్–శ్రీశైలం లాంచీలోనో తల తిరగలేదు కాబట్టి సముద్రంలోనూ తిరగదనుకోవద్దు. నదిలో అలల ఊపు ఉండదు.

మనకు దగ్గర్ల ఎక్కడ ఎక్కొచ్చు?

దేశంలోపల తిరగడానికి ముంబై, చెన్నై, కొచ్చి, సీజన్‌ను బట్టి విశాఖపట్నం. కార్డీలియా కంపెనీ ఎంప్రెస్ అనే ఓడను 2021 సెప్టెంబర్ నుంచి ముంబై నుంచి గోవా, లక్షద్వీప్ వైపు నడుపుతోంది. 2022 జూన్‌లో అదే ఓడ చెన్నై, పుదుచ్చేరి, విశాఖ తిరిగింది. ఇది ఏడాది పొడవునా ఒకే రేవు నుంచి బయల్దేరదు. అందుకే ముందు తేదీ, ఆ తర్వాత ఏ రేవో చూసుకోవాలి.

విశాఖకు వరంగల్ నుంచి వందేభారత్, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. చెన్నైకి చార్మినార్, తమిళనాడు, జీటీ ఎక్స్‌ప్రెస్‌లు. ముంబైకి సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా దేవగిరి ఎక్స్‌ప్రెస్. అది దిగే సీఎస్ఎంటీ నుంచి బల్లార్డ్ పియర్ రేవు దగ్గరే.

విదేశాల్లో మనకు అనువైనది సింగపూర్. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం ఉంది, నాలుగున్నర గంటల ప్రయాణం. మామునూరులో విమానాలు మొదలయ్యేదాకా శంషాబాదే దిక్కు.

ఏ నెలల పోతే మంచిది?

ముంబై వైపు అక్టోబర్ నుంచి మే దాకా. జూన్–సెప్టెంబర్ నైరుతి రుతుపవనాల్లో అరేబియా సముద్రం కడుపులో దేవినట్టు చేస్తుంది. బంగాళాఖాతానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా తుఫాన్ల కాలం. ఆ నెలల్లో చెన్నై, విశాఖ నుంచి బుక్ చేస్తే రూటు మారే అవకాశానికి సిద్ధంగా ఉండాలి. దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవుల్లో ధర పెరుగుతుంది. సంక్రాంతి దాటిన వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది, ధరా దిగుతుంది. మాకు నచ్చిన కాలం అదే.

మొదటిసారి ఎన్ని రాత్రులది తీసుకోవాలె?

మూడు లేదా నాలుగు. రెండు రాత్రులదైతే ఎక్కిన రోజు సగం లైన్లలో, దిగే రోజు సగం సామాను సర్దడంలో పోతుంది, చేతికి మిగిలేది ఒక్క రోజే. ఏడు రాత్రులది తొలిసారే తీసుకుంటే, ఒంటికి పడకపోయినా మధ్యలో దిగిపోయే వీలుండదు.

మా అవ్వకు 72 ఏండ్లు, మోకాళ్ల నొప్పులు. తీస్కపోవచ్చా?

నిక్షేపంగా. ముసలివాళ్లకు బస్సు టూర్ల కంటే ఇదే సుఖం. రోజూ మంచం మారదు, లిఫ్టులుంటాయి. మూడు సంగతులు చూసుకోండి. ఒకటి, లిఫ్టుకు దగ్గరి గది అడగండి. పెద్ద ఓడల్లో నడవా మూడు వందల మీటర్ల దాకా ఉంటుంది. రెండు, వీల్‌చైర్ కావాలంటే బుకింగ్ అప్పుడే రాయించండి. రేవులో దొరికేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు వాడుకోవడానికే. ఓడలో తిరగడానికి సొంతది తెచ్చుకోవాలి లేదా అద్దెకు మాట్లాడుకోవాలి. మూడు, ఓడ నేరుగా గట్టుకు ఆనని రేవులుంటాయి. ఫుకెట్‌లో పాటాంగ్, లక్షద్వీప్ దీవులు అలాంటివే. అక్కడ నీళ్లమీదే చిన్న పడవలోకి అడుగు వేయాలి. మోకాళ్లు సహకరించకపోతే ఆ రోజు అవ్వ ఓడలోనే ఉండాల్సి వస్తుంది. ఆమెతో ఎవరు ఉంటారో ముందే అనుకోండి.

కోడలు కడుపుతోని ఉన్నది. చిన్నోనికి తొమ్మిది నెలలు. రానిస్తరా?

గర్భం 24వ వారంలోకి వస్తే ఎక్కనివ్వమని పెద్ద కంపెనీలు చాలావరకు నిబంధన పెడతాయి. అది ఎక్కే రోజుకు కాదు, దిగే రోజుకు లెక్క. డాక్టర్ రాసిచ్చిన కాగితం కూడా అడుగుతారు. పసిపిల్లలకు మామూలు రూట్లలో 6 నెలలు, వరసగా సముద్రంలోనే రోజులు గడిచే దూరపు రూట్లలో 12 నెలలు నిండాలి. తొమ్మిది నెలల పిల్లాణ్ని మామూలు రూట్లలో రానిస్తారు. కాకపోతే డైపర్లు, పాలపొడి ఇంటి నుంచే మోసుకెళ్లండి.

## ధర, గది, బుకింగ్

ప్రకటనల ఒక ధర చూపిచ్చిండ్రు, బిల్లు మస్తు ఎక్కువైంది. ఎందుకు?

ప్రకటనలో కనిపించేది గదిలో ఇద్దరున్నప్పుడు మనిషికి పడే ధర. దానిమీద రేవు రుసుములు, పన్నులు, సిబ్బంది టిప్పు కలుస్తాయి. టిప్పు మీ ఇష్టం అనుకోవద్దు. విదేశీ ఓడల్లో మనిషికి రాత్రికి 16 నుంచి 20 డాలర్ల మేర అదే ఖాతాలో పడిపోతుంది, పిల్లలకు కూడా. 18 డాలర్లనుకున్నా నలుగురికి 4 రాత్రులకు 288 డాలర్లు. మందు, కూల్‌డ్రింకులు, వైఫై, రేవుల్లో తిరిగే టూర్లు, ప్రత్యేక రెస్టారెంట్లు అన్నీ వేరే.

కాబట్టి ఏజెంటును ఒకటే మాట అడగండి: "పన్నులు, టిప్పు, రేవు ఖర్చు అన్నీ కలిపి మా నలుగురికి మొత్తం ఎంత?" కాగితం మీద రాసిచ్చిన అంకెలనే పక్కపక్కన పెట్టి పోల్చుకోండి.

కిటికీ లేని గదిల ఊపిరాడదా?

ఏసీ ఉంటుంది, ఊపిరి ఆడుతుంది. కానీ లైటు తీస్తే పట్టపగలు కూడా చిమ్మచీకటి, తెల్లారిందో లేదో తెలీదు. పడుకోవడానికే గదికి వెళ్లేవాళ్లకు ఇన్‌సైడ్ గది చాలు, మిగిలిన డబ్బు రేవుల్లో తిరగడానికి వస్తుంది. పసిపిల్లలు, పెద్దవాళ్లు ఉండి రోజులో ఎక్కువసేపు గదిలోనే గడిపితే బాల్కనీకి పెట్టిన డబ్బు దండుగ కాదు. నడుమ రకం ఓషన్‌వ్యూ. దాని కిటికీ తెరుచుకోదు. బుక్ చేసేముందు ఆ గది కిటికీకి లైఫ్‌బోటు అడ్డంగా ఉందేమో డెక్ ప్లాన్‌లో (ఓడ అంతస్తుల పటంలో) చూడండి. అలాంటివి కొంచెం తక్కువకు వస్తాయి, ఆ తగ్గింపుకు కారణం ఆ బోటే.

వాంతులైతయని భయం. గది ఎక్కడ తీసుకోవాలె?

కింది అంతస్తులో, ఓడ నడుమ. ఏటూరునాగారం రోడ్డులో బస్సు వెనక సీట్లో కూర్చున్నవాడికి, నడుమ కూర్చున్నవాడికి ఉన్న తేడానే ఇక్కడా. ఓడ అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అవి పక్కలకు ఊగడాన్ని తగ్గిస్తాయి గానీ ముందూ వెనకా లేచిపడడాన్ని ఆపలేవు. అందుకే ముందుభాగం గదుల్లో ఊపు ఎక్కువ. పైఅంతస్తు బాల్కనీ ధర ఎక్కువ, ఊపూ ఎక్కువే.

ఎవోమిన్ లాంటి మాత్రలు కడుపు తిప్పడం మొదలయ్యాక వేస్తే అంతగా పనిచేయవు. ఓడ కదిలే ముందే వేసుకోవాలి. నిద్రమత్తు వస్తుంది. షుగరు, బీపీ, గ్లకోమా మందులు వాడేవాళ్లు, పిల్లలకు వేయాలనుకునేవాళ్లు ముందు డాక్టరును అడగాలి. ఖాళీ కడుపుతో ఉండొద్దు. డెక్ మీదికి వచ్చి దూరంగా ఆకాశం, నీళ్లు కలిసే గీతను చూస్తూ నిలబడితే చాలామందికి సర్దుకుంటుంది. ఫోన్ చూస్తే ఎక్కువవుతుంది.

మేం ఆరుగురం. ఒక్క గదిల సర్దుకుంటం, కుదురుతదా?

కుదరదు. గదికి ఎంతమందనేది లైఫ్‌బోటు సీట్ల లెక్కతో ముడిపడి ఉంటుంది. మంచం మీద కొంచెం జరిగితే సరిపోయే వ్యవహారం కాదు. ఎక్కువ గదుల్లో నలుగురే గరిష్ఠం. మూడో, నాలుగో మనిషి పైనుంచి దించే బెర్తులో పడుకోవాలి. రైలు అప్పర్ బెర్తు ఎక్కగలిగినవాళ్లకే అది. ఆరుగురికి మధ్యలో తలుపున్న రెండు గదులు అడగండి, ముగ్గురు ముగ్గురు. మూడో మనిషికి ధర తక్కువ పడుతుంది. ఒక్కరే వెళ్తే మాత్రం రెండో మనిషి ఛార్జీ కూడా దాదాపు మొత్తం కట్టాలి.

గ్యారంటీ గది అంటే మంచి గదేనా?

పేరు చూసి మోసపోవద్దు. ఆ రకం గది ఒకటి దొరుకుతుందనే హామీ తప్ప ఏ అంతస్తు, ఏ మూల అనేది కంపెనీ ఇష్టం. రెండు కుటుంబాలు పక్కపక్కన ఉండాలనుకున్నా, కడుపు తిప్పే మనిషి ఉన్నా ఇది వద్దు.

ఏజెంటు దగ్గర చేస్కోవాల్నా, సొంతంగ వెబ్‌సైట్‌లనా?

దేశంలోపలి మూడు రాత్రుల ట్రిప్పుకు వెబ్‌సైట్ చాలు. వీసాలు, విమానాలు, రెండు మూడు గదులు కలిసొస్తే మంచి ఏజెంటు ఉండడమే నయం. కానీ ఏజెంటు ద్వారా చేస్తే తేదీ మార్పులు, రిఫండ్లు కూడా ఆయన ద్వారానే జరగాలి, కంపెనీ మీతో నేరుగా మాట్లాడదు. అడ్వాన్సు కట్టిన రోజే కంపెనీ బుకింగ్ నంబర్ తీసుకుని, దాని సైట్‌లోనో యాప్‌లోనో మీ పేర్లు కనిపిస్తున్నాయో లేదో చూడండి. "నంబరు తర్వాత వస్తది" అంటే మిగతా డబ్బు ఆపండి. సంస్థ ఖాతాకే కట్టండి, జీఎస్టీ నంబరున్న బిల్లు తీసుకోండి. ఎవరి సొంత ఫోన్ నంబరుకో యూపీఐ చేయొద్దు.

బుక్ చేసినంక పోలేకపోతే పైసలు వాపసొస్తయా?

తేదీ దగ్గరపడేకొద్దీ వచ్చేది తగ్గుతుంది. విదేశీ కంపెనీలకు మొత్తం డబ్బు ప్రయాణానికి రెండున్నర నుంచి నాలుగు నెలల ముందే కట్టేయాలి. ఆ తేదీ దాటాక రద్దు చేసుకుంటే కోత మొదలవుతుంది, చివరి రెండు వారాల్లో దాదాపు ఏమీ రాదు. తక్కువ ధర టికెట్లలో అడ్వాన్సు అసలే తిరిగిరాదు. పెళ్లి ముహూర్తాలు, పిల్లల ఈఏపీసెట్ (పాత ఎంసెట్) లాంటి పరీక్షల తేదీలు తేలకముందు అలాంటి టికెట్ తీసుకోవద్దు.

టీసీఎస్ అని ఇంకింత పట్టుకున్నరు. అది పోయినట్టేనా?

పోదు. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మినప్పుడు మీ పాన్ మీద ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను అది. రేటు బడ్జెట్లలో మారుతూ ఉంటుంది కాబట్టి బిల్లులో ఎంత వేశారో చూడండి. రిటర్ను వేసేటప్పుడు 26ఏఎస్‌లో (మీ పాన్ మీద జమైన పన్నుల పట్టికలో) కనిపిస్తుంది, కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవచ్చు లేదా రిఫండ్ తీసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: డబ్బు కొడుకు కట్టి, బిల్లు రిటర్ను వేయని తండ్రి పాన్ మీద చేయిస్తే అది వెనక్కి తెచ్చుకోవడానికి ఆయన రిటర్ను వేయాల్సి వస్తుంది.

## కాగితాలు

పాస్‌పోర్టుల ఇంటిపేరు గడి ఖాళీగున్నది. ఏమన్నా ఇబ్బందా?

మనవైపు చాలామందికి ఇదే చిక్కు. ఇంటిపేరు, పేరు అన్నీ ఒకే గడిలో రాయించుకుని రెండోది ఖాళీగా వదిలేశారు. అసలు ఒకే పదం పేరున్నవాళ్లకు దుబాయ్ రూటులో గట్టి అడ్డంకి: అలాంటి పాస్‌పోర్టులను సందర్శక వీసా మీద అనుమతించబోమని యూఏఈ 2022 నవంబర్‌లో చెప్పింది. మిగతా రూట్లలో క్రూయిజ్ బుకింగ్, విమానం టికెట్, వీసా మూడింటిలో పేరు ఒకేలా ఉంటే గండం గడుస్తుంది. పాస్‌పోర్టు ఫొటో పేజీ చూసి అక్షరం అక్షరం దించండి. ఆధార్ చూసి టైపు చేయొద్దు, వాటిలో స్పెల్లింగులు తరచూ తేడాగా ఉంటాయి.

కొత్త పాస్‌పోర్టుకు హైదరాబాద్ పోవాల్నా?

అక్కర్లేదు. వరంగల్‌లో పోస్టాఫీసు పాస్‌పోర్టు కేంద్రం, కరీంనగర్, నిజామాబాద్‌లలో పాస్‌పోర్టు సేవా కేంద్రాలు ఉన్నాయి. పెద్దవాళ్లకు 36 పేజీలది 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. ఉన్న పాస్‌పోర్టుకు ప్రయాణం ముగిసే తేదీ తర్వాత కూడా ఆరు నెలల గడువు ఉండాలి. లేకపోతే ముందు రెన్యువల్, ఆ తర్వాతే బుకింగ్.

సింగపూర్ నుంచి మలేషియా, థాయ్‌లాండ్ పోయే ఓడకు ఎన్ని వీసాలు?

సింగపూర్ వీసా తప్పనిసరి, అదీ మల్టిపుల్ ఎంట్రీ. విమానం దిగి ఒకసారి ప్రవేశిస్తారు, ఓడెక్కితే దేశం దాటినట్టు, తిరిగొచ్చి దిగితే రెండో ప్రవేశం. వీసా ప్రింటు చేతికి రాగానే ఎంట్రీల గడిలో ఏముందో చదవండి. అరైవల్ కార్డును (సింగపూర్‌లోకి వచ్చేవాళ్లు ఇచ్చే వివరాల పత్రం) చేరేముందు, చేరే రోజుతో కలిపి మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం, డబ్బడిగే సైట్లు నకిలీవి. రెండోసారి ప్రవేశించడానికి మళ్లీ నింపాలి.

మలేషియా 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకు వీసా మినహాయింపు ఇచ్చింది. మలేషియా, థాయ్‌లాండ్ నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి ప్రయాణానికి నెల ముందోసారి, వారం ముందోసారి చూడండి. "మేం ఆ రేవులో దిగం, వీసా ఎందుకు?" అంటే నడవదు. దారిలోని ఒక్క దేశం వీసా లేకపోయినా కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. యూరప్ ట్రిప్పులోనూ ఇదే సూత్రం: ఓడ నడుమ టర్కీకి పోయి ఇటలీకి తిరిగొస్తే షెంజెన్ వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, టర్కీది వేరే.

గోవా, లక్షద్వీప్‌కు పాస్‌పోర్టు కావాల్నా?

భారతీయులకు అక్కర్లేదు. ఆధార్, ఓటరు కార్డు లాంటి ఫొటో గుర్తింపు చాలు, పాన్ కార్డును మాత్రం నమ్ముకోవద్దు. జిరాక్సు కాదు, అసలు కార్డే పట్టుకెళ్లండి. పిల్లలకూ ఆధార్ ఉండాలి. లక్షద్వీప్‌లో అడుగుపెట్టడానికి పర్మిట్ కావాలి. దాన్ని ఓడ కంపెనీయే తీసుకుంటుంది, కాబట్టి అడిగిన వివరాలు గడువులోపు పంపండి.

## బయల్దేరేముందు

ఓడ సాయంత్రం ఐదింటికి. రైలు పొద్దున ఏడింటికి దిగుతది. సరిపోదా?

కాగితం మీద సరిపోతుంది. కానీ ఐదింటి ఓడకు గేటు మూడున్నర, నాలుగుకే మూసేస్తారు. మీ చెక్-ఇన్ టైము పన్నెండో ఒంటిగంటో అయి ఉంటుంది. తమిళనాడు, జీటీ ఎక్స్‌ప్రెస్‌లు దిల్లీ నుంచి వచ్చేవి, చలికాలం మంచు పడితే వరంగల్‌కే గంటల ఆలస్యం. చెన్నైకి హైదరాబాద్‌లోనే మొదలయ్యే చార్మినార్ కొంత నయం. ఏ బండైనా ముందురోజే చేరి రేవు ఊళ్లో పడుకోండి. లాడ్జి ఖర్చు రెండు మూడు వేలు, ఓడ తప్పితే టికెట్ మొత్తం పోతుంది.

విమానానికీ అదే మాట. హనుమకొండ నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరడానికి మూడు, మూడున్నర గంటలు వేసుకోండి. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుందని మరవొద్దు.

సకినాలు, మామిడికాయ తొక్కు తీస్కపోవచ్చా?

ఇంట్లో చేసి స్టీలు డబ్బాలో పోసిన సకినాలను స్కానింగ్ దగ్గర తీసి పక్కన పెట్టించే అవకాశమే ఎక్కువ. చాలా ఓడలు ఇంటి వంటను రానివ్వవు. దుకాణంలో సీలు వేసి, లేబులున్న పొడి తినుబండారాలకు ఇబ్బంది తక్కువ. విమానంలో తొక్కు సీసా చెక్-ఇన్ సామానులోనే, రెండు కవర్లు చుట్టి. ఓడలోంచి రేవులోకి పండ్లు, వండినవి తీసుకెళ్లొద్దు, చాలా దేశాల్లో జరిమానా వేస్తారు. కరెంటు కెటిల్, ఇస్త్రీపెట్టె, ఎక్స్‌టెన్షన్ బాక్సు కూడా నిప్పు భయంతో పట్టుకుంటారు.

మందులు ఎట్ల సర్దాలె?

స్ట్రిప్పులతోనే, చీటీతో సహా, చేతి సంచిలో. రోజులకు తగ్గట్టు మాత్రలు విడదీసి డబ్బీలో పోస్తే అవి ఏమిటో ఎవరికీ చెప్పలేరు. సింగపూర్‌కు కోడీన్ కలిసిన దగ్గు మందు, డయజిపామ్ లాంటి నిద్రమాత్రలకు ముందస్తు అనుమతి కావాలి. ఇన్సులిన్‌కు గదిలో ఫ్రిజ్ ఉందో లేదో కనుక్కోండి. ఓడ ఆస్పత్రిలో ఒక్కసారి చూపించుకున్నా బిల్లు డాలర్లలో వస్తుంది. ట్రావెల్ ఇన్సూరెన్సులో ‘క్రూయిజ్’ కవర్, ఓడ నుంచి ఆస్పత్రికి తరలించే ఖర్చు ఉన్నాయో లేదో, ఉన్న జబ్బులు రాశారో లేదో చూసి తీసుకోండి.

## ఓడ ఎక్కాక

సూట్‌కేసులు ఇచ్చేసినం, గదికి రాలేదు. పోయినట్టేనా?

వస్తాయి. ట్యాగు కట్టిన సామాను రాత్రి భోజనాల వేళ దాకా గది తలుపు ముందుకు చేరుతూనే ఉంటుంది. అందుకే పాస్‌పోర్టు, మందులు, ఛార్జర్, పిల్లల ఒక జత బట్టలు, ఈత దుస్తులు చేతి సంచిలో ఉండాలి. ట్యాగును పిడికి స్టేప్లరుతో గట్టిగా కొట్టండి, ఊడిందంటే ఆ పెట్టె ఎవరిదో తేలేసరికి అర్ధరాత్రి.

శాకాహారులం. తిండి దొరుకుతదా?

మన రేవుల నుంచి నడిచే ఓడల్లో శాకాహారం, జైన్ భోజనం దండిగా ఉంటాయి. విదేశీ ఓడల్లోనూ భారతీయ శాకాహారం దొరుకుతుంది, కానీ బుకింగ్ అప్పుడే రాయించి, మొదటి రాత్రే డైనింగ్ హాలు పెద్ద వెయిటరుతో మాట్లాడాలి. రేపు ఏం కావాలో ఇవాళే చెబితే పప్పు, అన్నం, పెరుగు వస్తాయి. మన కారం మాత్రం ఆశించొద్దు. బఫేలో గరిట ముట్టాక సబ్బుతో చేతులు కడిగి తినండి. ఓడల్లో వాంతులు, విరేచనాలు పాకేది ఎక్కువగా చేతుల మీదుగానే.

ఎక్కంగనే డ్రిల్ అంటరు. పోకపోతే ఏమైతది?

వెతుక్కుంటూ వస్తారు. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో నేర్పేది అది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా అనే క్రూయిజ్ ఓడ బండకు తగిలి ఒరిగిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన ప్రయాణికులకు ఇంకా డ్రిల్ జరగలేదు. 32 మంది చనిపోయారు. 2015 నుంచి ఓడ కదలకముందే, లేదా కదిలిన వెంటనే డ్రిల్ జరపాలన్నది అంతర్జాతీయ నియమం. మీ కార్డు మీద ఒక అక్షరమో అంకెనో ఉంటుంది, మీరు చేరాల్సిన చోటు అదే. పిల్లలకూ చూపించండి.

ఫోన్ పనిచేస్తదా?

తీరం దాటాక మన సిగ్నల్ పోతుంది, ఓడ సొంత నెట్‌వర్క్ దానంతట అదే తగులుకుంటుంది. మామూలు రోమింగ్ ప్యాకులు దానికి వర్తించవు, బిల్లు వేలల్లో వస్తుంది. ఓడ కదలగానే ఫ్లైట్ మోడ్ పెట్టి వైఫై మాత్రం ఆన్ చేయండి. ఓడ వైఫై కొనేట్టయితే బయల్దేరకముందు యాప్‌లోనే కొనండి, లోపల ధర ఎక్కువ.

లోపల పైసలు ఎట్ల ఇయ్యాలె?

గది తాళం కార్డే మీ ఖాతా, నగదు నడవదు. దానికి క్రెడిట్ కార్డు జతచేయండి, అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేశారో లేదో ఇంట్లోనే చూసుకోండి. డెబిట్ కార్డు జతచేస్తే కొంత సొమ్ము పట్టి ఉంచుతారు, అది విడుదల కావడానికి రోజులు పడుతుంది. పిల్లల కార్డుల మీద కొనుగోళ్లు ఆపించొచ్చు. వీడియో గేముల గది పక్కనే ఉంటుంది కాబట్టి మొదటి రోజే ఆపించండి.

చీర కట్టుకుని పూల్‌ల దిగొచ్చా?

చీర, నైటీ, నూలు టీషర్టు వేటితోనూ దిగనివ్వరు. నూలు పోగులు ఫిల్టరును మూసేస్తాయి. మోకాళ్ల దాకా, మోచేతుల దాకా వచ్చే నైలాన్ ఈత దుస్తులు దొరుకుతాయి, అవి ఇక్కడే కొనండి. డిన్నరుకు చీర దివ్యంగా ఉంటుంది.

రేవుల దిగినప్పుడు టైము ఎట్ల చూసుకోవాలె?

ఓడ గడియారం చూసి, ఫోన్ చూసి కాదు. సింగపూర్ ఓడ ఫుకెట్‌లోనూ సింగపూర్ టైమే పాటించొచ్చు. థాయ్‌లాండ్ గడియారం గంట వెనక. ఫోన్ తానంతట అదే మారి నాలుగు చూపిస్తుంటే ఓడలో ఐదు. దిగే ముందు తలుపు దగ్గర బోర్డు మీద రాసిన చివరి టైమును ఫొటో తీసుకుని, చేతి గడియారాన్ని ఓడ టైముకే ఉంచండి. సొంతంగా ట్యాక్సీలో తిరిగితే గంటన్నర ముందే తిరుగుముఖం పట్టండి, మీకోసం ఓడ ఆగదు. కంపెనీ టూరులో ఆలస్యమైతే మాత్రం చూస్తారు. దానికి ఎక్కువ కట్టేది ఆ భరోసాకే.

గాలివానని ఒక రేవు ఎత్తేసిండ్రు. పైసలిస్తరా?

ఆ రేవు రుసుము, వాళ్ల దగ్గర కొన్న టూరు డబ్బు వస్తాయి. టికెట్ ధరలో కోత ఉండదు, రూటు మార్చే హక్కు కెప్టెనుకు ఒప్పందంలోనే రాసి ఉంటుంది. బయట కొన్న టూర్ల సంగతి వాటి షరతులను బట్టి.

దిగే రోజు తిరుగు బండి ఎన్నింటికి పెట్టుకోవాలె?

ఓడ ఆరు, ఏడింటికి రేవు చేరినా మీరు బయటపడేసరికి తొమ్మిది, పది. మధ్యాహ్నం ఒంటిగంటకు ముందు విమానం పెట్టుకోవద్దు, రైలైతే సాయంత్రానిది హాయి. ముందురాత్రి సూట్‌కేసులు తలుపు బయట పెట్టమంటారు, పొద్దునకల్లా అవి కిందికి వెళ్లిపోతాయి. తెల్లారి కట్టుకోవాల్సిన బట్టలు, చెప్పులు కూడా అందులోనే సర్దేసి, రాత్రి లుంగీలోనే గదిలో మిగిలిపోయేవాళ్లు ప్రతి ట్రిప్పులో ఒకరుంటారు. తలుపు బయట పెట్టేముందు రేపటి జత మంచం మీద పరిచి చూసుకోండి.